మొక్కల వైద్యుడు ఎడ్విన్ జాన్ బట్లర్

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు నాకు కొంచెం ఇబ్బందే అయింది. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, అబ్దుల్ కలాం గురించి మన సంచికల్లో నాకంటే ముందు చదివిన అన్నలు చాలా బాగా రాశారు. మళ్లీ అదే రాస్తే మీకు కొత్తగా ఏమీ ఉండదు. అందుకని ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో చేరిన తర్వాత నేను పేరు విన్న ఒక మనిషి గురించి రాస్తున్నాను. వ్యవసాయ కళాశాలల్లో చదివేవాళ్లకు ఈయన పేరు బాగా తెలుసు. భారతదేశంలో మొక్కల తెగుళ్ల శాస్త్రానికి పితామహుడని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. పోటీ పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నగా వస్తుంది. ఆ ఒక్క మార్కు వెనక ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు. పేరు ఎడ్విన్ జాన్ బట్లర్. క్లాసులో ఆ పేరు మొదటిసారి విన్నరోజు బట్లర్ ఇంగ్లీషు గుర్తొచ్చి వెనక బెంచీలో నవ్వుకున్నవాళ్లలో నేనూ ఒకడిని.

తర్వాత పుస్తకంలో చదివితే తెలిసింది, ఈయనకు పేరు తెచ్చిన పనుల్లో ఒకటి మన గోదావరి డెల్టాలో, తాటిచెట్ల మీద చేసినది అని. ఏటూరునాగారం పక్క నుంచి పోయే ఆ గోదావరే కిందికి పోయి సముద్రంలో కలిసే చోట. మన పాలంపేటలో రామప్ప చెరువు కట్ట మీద నిలబడితే కనిపించే తాళ్లలాంటి తాళ్లే అవి కూడా. నవ్వు అక్కడ ఆగిపోయింది.

బట్లర్ 1874 ఆగస్టు 13న ఐర్లాండు దేశంలో, పడమటి సముద్రతీరాన, క్లేర్ జిల్లాలోని కిల్కీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి మేజిస్ట్రేటు. కాబట్టి ఇది పేదరికంలో పుట్టి పైకొచ్చినవాడి కథ కాదు, ఆ మాట ముందే చెప్పడం మంచిది. అయితే ఆయన పుట్టిన దేశం సంగతి వేరు. ఆయన పుట్టడానికి ముప్పయ్యేళ్ల ముందు, 1845లో, ఐర్లాండులో బంగాళాదుంప పంటకు ఒక తెగులు వచ్చింది. ఆకులు నల్లబడి, దుంపలు భూమిలోనే కుళ్లిపోయాయి. అక్కడి పేద జనానికి మనకు అన్నం ఎట్లాగో బంగాళాదుంప అట్లాగ. మూడు పూటలూ అదే. వరసగా కొన్నేళ్లు పంట పోవడంతో దాదాపు పది లక్షల మంది ఆకలికి, ఆకలి వెంట వచ్చిన జ్వరాలకు చనిపోయారు. ఇంచుమించు అంతమందీ ఓడలెక్కి అమెరికాకు, ఇతర దేశాలకు వెళ్లిపోయారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కరువులో కూడా ఐర్లాండు రేవుల నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. కౌలు కట్టలేనివాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. కిల్కీ చుట్టుపక్కల ప్రాంతంలో ఆ వెళ్లగొట్టడాలు చాలా దారుణంగా జరిగాయి. పంటను బూజు చంపింది, నిజమే. జనం చావులన్నీ ఆ బూజు ఖాతాలోనే రాయడం మాత్రం న్యాయం కాదు.

ఆ తెగులు దేనివల్ల వచ్చిందన్న దాని మీద పెద్ద వాదన నడిచింది. తడి ఎక్కువై దుంప కుళ్లిందని, కుళ్లాక బూజు పట్టిందని చాలామంది పెద్దలు నమ్మారు. బర్క్‌లీ అనే ఇంగ్లండు మతగురువు 1846లోనే కాదని చెప్పాడు. బూజే ముందు, కుళ్లు తర్వాత అని ఆయన మాట. ఎవరూ వినలేదు. 1861లో జర్మనీ శాస్త్రవేత్త డి బారీ ప్రయోగాలతో దానిని రుజువు చేశాడు. 1876లో ఆ శిలీంధ్రానికి ఫైటోఫ్తోరా అని పేరు పెట్టాడు. గ్రీకులో దానికి మొక్కలను నాశనం చేసేది అని అర్థం. అప్పటికి బట్లర్ రెండేళ్ల పిల్లవాడు. ఈ ఫైటోఫ్తోరా పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

బట్లర్ చదివింది వైద్యం. 1898లో కార్క్ పట్టణంలోని క్వీన్స్ కాలేజీ నుంచి డాక్టరు పట్టా తీసుకున్నాడు. ఆ కాలేజీలోనే హార్టాగ్ అనే ప్రొఫెసర్ దగ్గర నీటిలో పెరిగే బూజుల మీద ఆసక్తి కలిగింది. కుంటలో పడి చచ్చిన ఈగ చుట్టూ దూదిలాగ తెల్లగా పెరుగుతుందే, ఆ బాపతు. చేతిలో డాక్టరు పట్టా పెట్టుకుని ఒక మనిషి కుంటల్లో బూజు ఏరుకుంటుంటే మన ఊళ్లో అయితే ఏమనేవాళ్లో మీకు తెలుసు. ఆయన మాత్రం రోగుల జోలికి పోకుండా పారిస్ వెళ్లి అక్కడి మ్యూజియంలో వాన్ టీగెమ్ దగ్గర పని నేర్చుకున్నాడు. జర్మనీలో, లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనంలో కొంతకాలం గడిపాడు. 1901లో భారత ప్రభుత్వం ఆయనను శిలీంధ్రాల వృక్షశాస్త్రవేత్తగా నియమించి కలకత్తాకు పిలిపించింది. దేశంలో ఆ ఉద్యోగానికి ఆయనే మొదటివాడు. మరుసటి ఏడు డెహ్రాడూన్‌కు మార్చారు. 1905లో బీహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడినప్పుడు అక్కడికి వెళ్లాడు. అమెరికాకు చెందిన హెన్రీ ఫిప్స్ అనే ధనవంతుడు వైస్రాయ్ కర్జన్‌కు ఇచ్చిన ముప్పై వేల పౌన్ల విరాళంతో పుట్టిన సంస్థ అది. అక్కడ ఆయన హోదా ఇంపీరియల్ మైకాలజిస్టు, అంటే దేశం మొత్తానికి శిలీంధ్రాల నిపుణుడు.

గోదావరి డెల్టాలో తాటిచెట్లు చచ్చిపోతున్నాయన్న సంగతి ఆయన దగ్గరికి వచ్చింది ఈ రోజుల్లోనే.

తాటిచెట్టు గురించి పాలంపేట పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా వేరే జిల్లాల నుంచి వచ్చిన తమ్ముళ్లు ఉన్నారు కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి రాస్తాను. మామిడి చెట్టుకు ఒక కొమ్మ పోతే ఇంకో కొమ్మ వేస్తుంది. తాటికి, కొబ్బరికి అట్లా కుదరదు. చెట్టు మొత్తానికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఆకుల మధ్య దాక్కుని ఉండే మొవ్వు. అది మెత్తగా, తెల్లగా, తియ్యగా ఉంటుంది. ఆ మొవ్వు చచ్చిందంటే చెట్టు చచ్చినట్టే, కింద కాండం ఎంత గట్టిగా ఉన్నా సరే. తాటి చేతికి రావడానికి పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. కల్లు, ముంజలు, తేగలు, బెల్లం, ఇంటి కప్పుకు ఆకు, దూలానికి మాను. భూమి లేనివాడికి కూడా ఒక చెట్టు మీద బతుకు ఉంటుంది. దాని మీద ప్రభుత్వానికి అబ్కారీ పన్ను కూడా ఉంటుంది. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం తాటిచెట్ల చావు గురించి అంత ఆందోళన పడడానికి ఆ పన్ను కూడా ఒక కారణమని నా అనుమానం.

బట్లర్ డెల్టాలో తిరిగి, పడగొట్టిన చెట్ల తలలను చీల్చి చూశాడు. 1906లో తాటిజాతి చెట్ల తెగుళ్ల మీద ఒక వ్యాసం రాశాడు. 1910లో మొవ్వు కుళ్లు తెగులు మీదనే ప్రత్యేకంగా ఒక పరిశోధన గ్రంథం అచ్చువేశాడు. ఆయన ఎదురుగా ఉన్న చిక్కు ఏమిటంటే, తెగులు బయటపడే సమయానికి మొవ్వు మొత్తం కుళ్లి, ముక్కు మూసుకోవాల్సినంత కంపు కొడుతూ, పురుగులు పట్టి ఉంటుంది. దాంట్లో వెయ్యి రకాల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో హంతకుడు ఎవడు? శవం చుట్టూ చేరినవాళ్లు ఎవరు? కుళ్లిన చోట బాక్టీరియా లక్షల్లో కనబడుతుంది కాబట్టి దాని మీదే నేరం మోపడం సులువు. సరిగ్గా అట్లాగే జరిగింది కూడా. క్యూబా దీవిలో కొబ్బరి మొవ్వు కుళ్లు మీద పనిచేసిన జాన్‌స్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1912లో దానికి బాక్టీరియానే కారణమని తేల్చాడు.

బట్లర్ వెతికిన పద్ధతి వేరు. ఆయన బాగా కుళ్లిన చోట కాకుండా, ఇంకా కుళ్లని చోట చూశాడు. తాటి ఆకుల మొదళ్లు ఒకదాని చుట్టూ ఒకటి ఉల్లిగడ్డ పొరల్లాగ చుట్టుకుని ఉంటాయి. తెగులు మొదలైన చెట్టులో బయటి పొర మీద గుంటపడినట్టు ఒక మచ్చ ఉంటుంది. ఆ పొర తీస్తే సరిగ్గా దాని కింద, లోపలి పొర మీద ఇంకో మచ్చ. దాని కింద ఇంకోటి. అట్లా పొర తర్వాత పొర దాటుకుంటూ తెగులు లోపలికి నడుస్తుంది. మచ్చల అంచున, ఇంకా పచ్చిగా ఉన్న కండలో, ఒక శిలీంధ్రం పోగులు మాత్రమే ఉన్నాయి. కుళ్లు బాక్టీరియా వెనక వస్తోంది, వాకిలి తెరిచినవాడు వేరే ఉన్నాడు. శిలీంధ్రం మొవ్వును తాకగానే వెనక వచ్చినవాటికి విందు. కంపు అక్కడ మొదలవుతుంది.

మా ల్యాబులో మాకు మొదట నేర్పేది కూడా ఇదే. కుళ్లిన పండు తెచ్చి మధ్యలోంచి ముక్క తీస్తే చెత్త అంతా పెరుగుతుంది. మంచి కండకు, మచ్చకు మధ్య ఉన్న అంచు నుంచి తీయాలి. మామిడి అయినా, జామ అయినా, బొప్పాయి అయినా అంతే. నేను మొదటిసారి మధ్యలోంచే తీసి వారం రోజుల పని పాడుచేసుకున్నాను.

ఆయన కనిపెట్టిన శిలీంధ్రానికి 1907లో పిథియం పాల్మివోరం అని పేరు పెట్టాడు. పాల్మివోరం అంటే తాళ్లను తినేది. కార్క్‌లో కుంటల పక్కన నేర్చుకున్న విద్య ఇక్కడ పనికొచ్చింది, ఎందుకంటే ఇది కూడా ఆ నీటి బూజుల చుట్టమే. దీని సిద్ధబీజాలు, అంటే విత్తుల్లాంటివి, నీటి చుక్కలో తోకలున్న చేపపిల్లల్లాగ ఈదుతాయి. అందుకే తెగులు వానాకాలంలో విజృంభిస్తుంది, ఎండాకాలంలో అణిగి ఉంటుంది. ఆకుల సందుల్లో నిలిచిన వాన నీళ్లు దానికి చెరువు.

తెగులును కనిపెట్టడం ఒక పని అయితే, అది ఎక్కడెక్కడ ఉందో గుర్తించడం రెండో పని. డెల్టాలో తెగులు అన్ని ఊళ్లలో ఒక్కసారి రాలేదు. ఒక ప్రాంతంలో మొదలై ఏటేటా చుట్టుపక్కల ఊళ్లకు పాకుతోంది, ఆ తర్వాత కృష్ణా జిల్లాలోనూ కనబడింది. ఇది చిన్న సంగతి అనిపిస్తుంది గానీ కాదు. వానలు ఎక్కువై చెట్లు చస్తుంటే ఒకే రకం వాన పడిన ఊళ్లన్నింటిలో ఒకేసారి చావాలి. నేలలో లోపం ఉంటే ఆ నేల ఉన్నంత మేర చావాలి. అట్లా కాకుండా చచ్చిన చెట్టు పక్క చెట్టు, ఆ ఊరి పక్క ఊరు అన్న వరసలో పోతోందంటే అది అంటువ్యాధి. మైక్రోస్కోపులో కనబడిన దానికి ఊళ్ల వరస సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు ఈ పనికి ఫోనులో జీపీఎస్ ఉంది, డ్రోన్లు ఉన్నాయి, ఉపగ్రహాల చిత్రాలు ఉన్నాయి. అప్పుడు ఉన్నవి ఎడ్లబండి, పడవ, కాళ్లు. అయితే ఇవాళ ఉపగ్రహం నుంచి చూసినా తాటి మొవ్వులో మొదటి మచ్చ కనబడదు. ఆకులు పసుపుపచ్చగా మారాకే తెలుస్తుంది, అప్పటికి ఆ చెట్టు పని అయిపోతుంది. మొదటి మచ్చను చూడగలిగినవాడు చెట్టు ఎక్కినవాడే.

ఇక్కడ నాకు ఒక బాధ ఉంది. అరవై డెబ్బై అడుగుల చెట్లు ఎక్కి, మోకు మీద వెనక్కి వాలి నిలబడి, కత్తితో మొవ్వు కోసి దించింది గీత పని తెలిసినవాళ్లు. మోకు, కత్తి, ఆ ధైర్యం లేకుండా ఏ శాస్త్రవేత్త బల్ల మీదికీ తాటి మొవ్వు రాదు. నేను చదివిన వాటిలో వాళ్ల పేర్లు ఒక్కటి కూడా కనబడలేదు. మన రామప్ప గుడి దేవుడి పేరుతో కాకుండా, కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుతో కాకుండా, చెక్కిన శిల్పి పేరుతో పిలవబడుతోందని మనం గర్వంగా చెప్పుకుంటాం. 1213 నాటి ఊరి నుంచి వచ్చినవాడిని కాబట్టి ఈ లోటు నాకు ఎక్కువ కనబడిందేమో.

ఇక మందు సంగతి. అప్పటికి దానికి తెలిసిన ఉపాయం ఒక్కటే. తెగులు సోకిన చెట్టు తల నరికి కాల్చేయడం. మద్రాసు వ్యవసాయ శాఖ సిబ్బందిని పెట్టి గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఏళ్ల తరబడి ఆ పని చేయించింది. శాస్త్రం ప్రకారం అది సరైన పని. ఒక చెట్టు మీద ఉన్న సిద్ధబీజాలు వానతో, గాలితో చుట్టూ ఉన్న చెట్ల మీద పడకుండా ఆపాలంటే వేరే దారి లేదు. కాని ఆ చెట్టు కిందే బతికేవాడి వైపు నుంచి ఆలోచించి చూడండి. ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి, కల్లు ఇంకా పారుతోంది, సర్కారు మనిషి వచ్చి లోపల రోగం ఉంది అంటాడు. రోగం కంటికి కనబడదు, నరికితే పోయేది మాత్రం కనబడుతుంది. కోళ్లకు రోగం వచ్చిందని వందల కోళ్లను ఒక్కసారి పూడ్చిపెట్టిన చోట మనుషుల మొహాలు చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. పైగా ఎక్కేవాడి ఒంటితో, మోకుతో, కత్తితో కూడా తెగులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయే వీలుంది. పోషించే పనే తెగులుకు బండి అవుతుంది. ఇంత కష్టపడ్డాక తెగులు చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. 1919లో మద్రాసు ప్రభుత్వం పంటల పురుగులు, తెగుళ్ల నివారణకు ఒక చట్టమే చేసింది.

బట్లర్ గోదావరిలోనే కూర్చోలేదు. మద్రాసు రాష్ట్రంలో ఈ పనిని తర్వాత మక్రే, సుందరరామన్ వంటి శాస్త్రవేత్తలు ముందుకు తీసుకుపోయారు. మలబారు కొబ్బరి తోటల్లో కూడా ఇదే శిలీంధ్రం ఉందని తేలింది. పక్కనే మైసూరు సంస్థానంలో కోల్‌మన్ అనే శాస్త్రవేత్త వక్క తోటల్లో కాయలు కుళ్లే కొళెరోగం మీద పనిచేశాడు. దానికీ కారణం ఈ ఫైటోఫ్తోరా జాతి శిలీంధ్రమే. ఆయన చెట్టు నరకడానికి బదులు వానలకు ముందే వక్క గెలల మీద బోర్డో మిశ్రమం చల్లించి రైతులకు కాయ దక్కేటట్టు చేశాడు.

పూసాలో బట్లర్ చేసిన మిగతా పనుల్లో మనకు దగ్గరివి రెండు చెబుతాను. ఒకటి కంది ఎండు తెగులు. పచ్చగా ఉన్న కంది మొక్క పూత సమయంలో నిలువునా ఎండిపోతుంది. నీళ్లు లేక ఎండిందని అనుకుంటాం. కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు ఉంటాయి. దానికి కారణం నేలలో దాక్కుని వేరు ద్వారా ఎక్కే శిలీంధ్రమని తేల్చి 1910లో దానికి ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు పెట్టింది బట్లరే. ఒకే చేనులో ఏటా కంది వేయకుండా జొన్నతో మార్చి వేయాలని ఇవాళ అధికారులు చెప్పే మాటకు మూలం నేలలో దాక్కునే ఈ గుణమే. రెండోది తూర్పు బెంగాల్ వరిలో వచ్చిన ఉఫ్రా అనే తెగులు. ఆయన శిలీంధ్రాల నిపుణుడు కదా, శిలీంధ్రమే అని రాసేస్తే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆయన 1913లో అది శిలీంధ్రం కాదని, కంటికి కనబడనంత సన్నటి నులిపురుగు అని రాశాడు. ఆయన దగ్గర పనిచేసిన జహంగీర్ దస్తూర్ అనే భారతీయ యువకుడు అదే ఏడు ఆముదం మొక్కను చంపే ఇంకో ఫైటోఫ్తోరాను కనిపెట్టి పేరు పెట్టాడు. ఒక మన దేశస్థుడు ఇట్లాంటి శిలీంధ్రాన్ని సమగ్రంగా పరిశోధించడం అదే మొదలని చెబుతారు.

1918లో బట్లర్ తన అనుభవం అంతా కలిపి ఫంగై అండ్ డిసీజ్ ఇన్ ప్లాంట్స్ అనే పెద్ద పుస్తకం ప్రచురించాడు. ఐదువందల పేజీలకు పైనే. మన దేశపు పంటల తెగుళ్ల మీద వచ్చిన మొదటి పెద్ద పుస్తకం అది.

ఆ మరుసటి ఏడు ఆయన చేసిన ఒక చిన్న పని నాకు పుస్తకం కంటే ఎక్కువ నచ్చింది. ముందు చెప్పాను, తాటి శిలీంధ్రానికి 1907లో పిథియం అనే కుటుంబపు పేరు పెట్టాడని. పిథియంకు, ఫైటోఫ్తోరాకు తేడా చాలా సన్నం. పిథియంలో ఈదే బీజాలు కోశం బయట ఒక బుడగలో తయారవుతాయి, ఫైటోఫ్తోరాలో కోశం లోపలే తయారై బయటికి వస్తాయి. నీటి చుక్కలో, కొద్ది నిమిషాల్లో జరిగిపోయే ఈ సంగతిని బట్టి పేరు మారుతుంది. తాను పెట్టిన పేరు తప్పని ఆయనకు తేలింది. 1919లో తానే దానిని ఫైటోఫ్తోరా పాల్మివోరా అని మార్చాడు. శాస్త్రనామం వెనక పేరు పెట్టినవాడి పేరు రాస్తారు. తర్వాత ఎవరైనా మారిస్తే మొదటివాడి పేరు బ్రాకెట్లో పెట్టి, మార్చినవాడి పేరు పక్కన రాస్తారు. ఈ శిలీంధ్రానికి ఇవాళ్టికీ బ్రాకెట్లో బట్లర్, బ్రాకెట్ బయట బట్లర్ అనే రాస్తారు. పన్నెండేళ్ల తర్వాత దేశం మొత్తానికి పెద్ద అధికారి అయ్యుండి కూడా తన తప్పు తానే దిద్దుకున్నాడు. తన దేశాన్ని ఖాళీ చేసిన బంగాళాదుంప బూజుకు, గోదావరి తాటి బూజుకు ఇంటిపేరు ఒక్కటేనని ఆ దిద్దుబాటుతోనే తేలింది.

ఆ ఫైటోఫ్తోరా పాల్మివోరా తాటితో ఆగలేదు. బొప్పాయి కాయ కుళ్లు, కోకో కాయ నల్లబడి కుళ్లడం, మిరియం తీగ చావు, నిమ్మ బత్తాయి చెట్ల మొదట్లో బంక కారే తెగులు, వీటన్నిటిలో దానికి గాని దాని అన్నదమ్ములకు గాని పాత్ర ఉంది. మన దేశం నుంచి పేరు పొందిన శిలీంధ్రం ఉష్ణమండలపు తోటలన్నిటికీ శత్రువని తర్వాత తెలిసింది.

1920లో బట్లర్ ఇండియా వదిలి ఇంగ్లండు వెళ్లిపోయాడు. క్యూలో కొత్తగా పెట్టిన ఇంపీరియల్ మైకాలజీ బ్యూరోకు మొదటి డైరెక్టరయ్యాడు. ప్రపంచంలో ఎక్కడ ఏ పంటకు ఏ తెగులు వచ్చినా సంగతి అక్కడికి చేరేటట్టు, అక్కడి నుంచి అందరికీ తెలిసేటట్టు 1922లో ఒక పత్రిక మొదలుపెట్టాడు. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. 1931లో బిస్బీ అనే ఆయనతో కలిసి భారతదేశపు శిలీంధ్రాల జాబితా పుస్తకం తెచ్చాడు. 1935లో ఆ పదవి నుంచి విరమించాడు. 1939లో సర్ బిరుదు ఇచ్చారు. ఈ బిరుదుల భాగం నేను తొందరగా దాటేస్తున్నాను, పరీక్షకు కావాలంటే ఇవి ఏ గైడులోనైనా దొరుకుతాయి.

ఆయన పెట్టిన క్యూ సంస్థ 1942 నుంచి ఒక్కొక్క తెగులుకు ఒక్కొక్క ప్రపంచ పటం అచ్చువేయడం మొదలుపెట్టింది. తెగులు ఉన్న దేశం మీద గుర్తు, పటం కింద ఆ సంగతి ఎవరు ఎక్కడ రాశారన్న వివరం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మొక్కలు, పండ్లు పంపేటప్పుడు ఏవి ఆపాలి, ఏవి వదలాలి అన్నది చూసుకోవడానికి ఇవి పనికొచ్చాయి. ఊరూరా తిరిగి చూసిన పని ప్రపంచం మొత్తానికి పెరిగిందన్నమాట. బట్లర్ 1943 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆయన సగంలో వదిలిన తెగుళ్ల పుస్తకాన్ని జోన్స్ పూర్తిచేసి 1949లో అచ్చువేయించాడు. పూసాలో బట్లర్ కాలం నుంచి కూడబెట్టిన ఎండు నమూనాలు, 1934 బీహార్ భూకంపం తర్వాత ఆ సంస్థ ఢిల్లీకి మారినప్పుడు దానితో పాటే వెళ్లాయి. ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఎండిన ఆకు, కింద ఒక చీటీ. ఏ మొక్క, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు తెచ్చారు.

సెలవులకు ఇంటికి వెళ్లే తమ్ముళ్లకు ఒక్క పని చెప్పి ముగిస్తాను. వానాకాలంలో తాటి గాని కొబ్బరి గాని నడిమి మొవ్వాకు పాలిపోయి వాలినట్టు కనబడితే గీత పని చేసే అన్ననో మామనో అడిగి చూపించండి. ఆ ఆకు పట్టి లాగితే తేలికగా ఊడివచ్చి మొదలు కంపు కొడితే అది మొవ్వు కుళ్లు కావచ్చు. ఆకులు కత్తెరతో కోసినట్టు వి ఆకారంలో తెగి ఉంటే కొమ్ము పురుగు పని, అది వేరు. పిడుగు పడితే చుట్టుపక్కల చెట్లు కూడా ఒకేసారి మాడతాయి. కుళ్లు ఇంకా మొవ్వు దాకా పోకపోతే, కుళ్లిన భాగం శుభ్రంగా కోసి తీసేసి బోర్డో పేస్టు పూసి, వాన నీళ్లు దిగకుండా కప్పితే చెట్టు బతుకుతుంది. చుట్టూ ఉన్న చెట్ల మొవ్వులో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి. కిలో మైలుతుత్తం యాభై లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో యాభై లీటర్లలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపినది ఆ రోజే వాడేయాలి. మొవ్వు అప్పటికే పోయి ఉంటే తల నరికి కాల్చడం తప్పదు. ఉద్యాన అధికారికి చెప్పేటప్పుడు ఊరి పేరు, తేదీ, చెట్టు ఉన్న చోటుతో పాటు ఎక్కి చూసినాయన పేరు కూడా రాసివ్వండి.